ఘాట్ ఎక్కలేకపోతున్నా: క్లారిస్ తీసేసి 105 వేయాలా? ఇంట్లోనే చేసుకోవచ్చా?

చందానగర్_సైక్లిస్ట్
నాది అల్యూమినియం ఫ్రేము, రిమ్ బ్రేకులు, గేర్ల సెట్ షిమానో క్లారిస్, 8 స్పీడ్, అంటే వెనక ఎనిమిది పళ్లెలు. ముందు పళ్లెలకి 50, 34 పళ్లు, వెనక చిన్నదానికి 11, పెద్దదానికి 28. కొని మూడేళ్లు దాటింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ ట్రాక్ మీద ఎంత తిరిగినా హాయిగా ఉంటుంది. వికారాబాద్ వెళ్లి అనంతగిరి ఎక్కడం మొదలుపెడితే మాత్రం నరకం. చివరి గేరు పడ్డాక కూడా కాళ్లు తిరగవు. సీటు మీంచి లేచి తొక్కితే చైన్ టక్కున జారుతుంది, ప్రాణం పోయినంత పనవుతుంది.

షాపుకి తీసుకెళ్తే చక్రం తిప్పి కూడా చూడలేదు. "ఎంట్రీ లెవెల్ బండి సార్, మొత్తం సెట్ మార్చేయండి" అన్నారు. లేబర్ వేరే. ఇంతలో తెలిసినాయన దగ్గర వాడిన 105 ఆర్7000 సెట్ (షిమానోలోనే క్లారిస్ కంటే పై రకం, 11 స్పీడ్) అమ్మకానికి వచ్చింది: షిఫ్టర్లు (గేరు మార్చే లివర్లు), ముందు వెనక డిరెయిలర్లు (చైన్‌ని ఒక పళ్లెం నుంచి ఇంకోదానికి జరిపేవి), బ్రేకులు. నా దగ్గర ఆలెన్ కీలు, ఓ బాల్కనీ, ఆదివారాలు ఉన్నాయి. ఇది నేనే బిగించుకోగలనా? బిగిస్తే ఘాట్ ఎక్కగలనా?

పానా_పట్టు
ముందు రెండు సంగతులు చెప్పండి. చైన్ ఎప్పుడు మార్చారు? జారేది అన్ని గేర్లలోనా, ఒకటి రెండింటిలోనేనా? 105 సంగతి తర్వాత చూద్దాం.

ఓరుగల్లు_వీల్స్
ఆర్7000 చేతికి అందుతుంటే ఆలోచన దేనికి బ్రో, తీసేసుకో. నేను సోరా నుంచి అదే సెట్‌కి మారాను. లివర్ ఇలా తాకితే అలా గేరు పడుతుంది. బ్రేకు రెండు వేళ్లతో పట్టినా బండి నిలబడుతుంది. బిగించడం కూడా బ్రహ్మవిద్య కాదు, వీడియోలు బోలెడు ఉన్నాయి.

బ్రెవే_బాబాయ్
ఓరుగల్లూ, ఆయన అడుగుతున్నది ఘాట్ గురించి. వెనక 28 పళ్లే ఉంచి షిఫ్టర్ మారిస్తే కొండ వంగుతుందా?

లెక్క చూడండి. ముందు 34, వెనక 28 అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 1.21 చుట్లు తిరుగుతుంది. 25 ఎంఎం టైరు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కాబట్టి బండి రెండున్నర మీటర్లు కదులుతుంది. వెనక 34 వేస్తే చుట్టుకి చుట్టే, 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కుతున్నారనుకోండి, 28 మీద గంటకు 9 కిలోమీటర్లు దాటాలి, 34 మీద ఏడున్నర చాలు. ఏటవాలు మీద ఆ తేడా అంతా మోకాళ్ల మీదే పడుతుంది. ఇంతకీ కావలసింది పెద్ద పళ్ల క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్లెల గుత్తి), ఒక చైన్. క్లారిస్‌లోనే అయిపోతుంది.

చందానగర్_సైక్లిస్ట్
పానా గారూ, చైన్ ఇప్పటివరకు మార్చలేదు. బండితో వచ్చిందే. జారేది ఎక్కువగా వెనక మధ్య గేర్లలో, చిన్నవాటిలో అంతగా లేదు.

బాబాయ్, 8 స్పీడ్‌లో 34 పళ్లది దొరుకుతుందా? నేను 11 స్పీడ్‌కి వెళ్తేనే వస్తుందనుకున్నా.

బ్రెవే_బాబాయ్
దొరుకుతుంది. షిమానో హెచ్‌జీ31లోనే 11-34 ఎనిమిది పళ్లెలది ఉంది. ధర చూస్తే 105 ఆలోచన మీరే వాయిదా వేస్తారు. ఒకటి గుర్తుంచుకోండి, పళ్ల మధ్య ఎడం పెరుగుతుంది కాబట్టి చదును రోడ్డు మీద గేరు గేరుకి అడుగు కాస్త పెద్దగా తగులుతుంది. గుంపులో వేగంగా వెళ్లేవాళ్లకి అది నచ్చదు. 200 కిలోమీటర్ల బ్రెవేని (గడువులోగా ముగించాల్సిన దూరపు రైడ్) పదమూడున్నర గంటల్లో ముగించాలనుకునే నాలాంటివాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

పానా_పట్టు
బాబాయ్ చెప్పింది నిజమే కానీ ఒక మెలిక ఉంది. వెనక డిరెయిలర్ లోపలి వైపు పలక మీద "జీఎస్" అని ఉందా, "ఎస్ఎస్" అని ఉందా చూడండి. జీఎస్ అంటే ఎస్ఎస్ కంటే పొడుగు కేజ్ (రెండు చిన్న చక్రాలుండే చట్రం), 34 పడుతుంది. ఎస్ఎస్ అయితే పట్టదు, డిరెయిలర్ కూడా మార్చాలి.

చైన్ మూడేళ్లుగా మార్చలేదంటే జారడానికి కారణం సగం తెలిసిపోయినట్టే. గేజ్ లేకపోయినా ఇంట్లో కొలవచ్చు. స్టీలు స్కేలు తీసుకుని ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టండి. కొత్త చైన్‌లో సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్యభాగం రావాలి. అది 1/16 అంగుళం ముందుకు పోతే చైన్ మార్చాలి. 1/8 అంగుళం పోతే క్యాసెట్ కూడా పోయినట్టే. అరిగిన చైన్ తన కొలతకే పళ్లను కూడా అరగదీస్తుంది. ఆ పళ్ల మీద కొత్త చైన్ వేస్తే ఇంకా ఎక్కువ జారుతుంది. మీరు ఎక్కువ వాడే మధ్య గేర్లలోనే జారుతోందంటే నా అనుమానం దాని మీదే.

ఓరుగల్లు_వీల్స్
సరే, ఒప్పుకుంటా. కానీ ఎలాగూ చైన్, క్యాసెట్ కొనాలి కదా? ఆ డబ్బు పాత 8 స్పీడ్ మీద పెట్టే బదులు 11 స్పీడ్ మీద పెడితే ఒక్కసారితో పోతుంది.

షాపు_వారబ్బాయి
రాజమండ్రిలో మాకు తాతల నాటి నుంచి సైకిల్ షాపు. చైన్ జారుతోందని వచ్చే గేరు సైకిళ్లలో చాలావాటికి హ్యాంగర్ వంగి ఉంటుంది. డిరెయిలర్ వేలాడే చిన్న ముక్క అది, మెత్తటి అల్యూమినియం. దెబ్బ తగిలితే ఫ్రేముకి ఏమీ కాకుండా తను వంగిపోయేలా చేస్తారు. బస్సు మీద వేసుకెళ్లినా, గోడకి ఆనించింది కుడివైపు పడినా వంగుతుంది. కంటికి కనపడదు. వంగిన హ్యాంగర్ మీద 105 కాదు, షిమానోలో అన్నిటికంటే పైదైన డ్యూరా ఏస్ బిగించినా గేరు సరిగా పడదు.

అన్నా, బండి వెనక నిలబడి చూడు. డిరెయిలర్‌లోని రెండు చిన్న చక్రాలు, పైన క్యాసెట్ పళ్లు ఒకే నిలువు గీతలో ఉన్నాయా? కింది చక్రం స్పోకుల వైపు తిరిగి ఉంటే వంగిందన్నమాట.

భీమిలి_గాలి
కేబుళ్ల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. మా వైజాగ్ బీచ్ రోడ్డు ఉప్పుగాలికి కేబుళ్లు ఇట్టే తుప్పు పడతాయి. పైకి బాగానే కనిపిస్తాయి, ఔటర్ (కేబుల్ పై తొడుగు) లోపల గరగర. లివర్ నొక్కితే గేరు పడుతుంది, వదిలితే వెనక్కి రాదు. మా గుంపులో ఒకాయన డిరెయిలర్ కొత్తది కొని కూడా అదే గోల అంటుంటే పాత కేబుల్ బయటికి లాగి చూపించాను.

స్టెయిన్‌లెస్ ఇన్నర్ (లోపలి తీగ), కొత్త ఔటర్. ఇదొక్కటి మారిస్తే క్లారిస్ కూడా కొత్తదిలా పనిచేస్తుంది.

చందానగర్_సైక్లిస్ట్
స్కేలుతో కొలిచాను. 12 అంగుళాలు దాటి 1/8 కంటే కూడా ముందుంది! కేజ్ మీద జీఎస్ అనే ఉంది. కింది చక్రం కాస్త లోపలికి తిరిగినట్టే ఉంది, నా కళ్లకి అలా అనిపిస్తోందో ఏమో. షాపులో ఇవేవీ చూడకుండా మొత్తం మార్చమన్నారంటే మండుతోంది.

షాపు_వారబ్బాయి
అన్ని షాపులూ అంతే అనకు అన్నా, మా నాన్న వింటే బాధపడతాడు. కానీ చక్రం తిప్పకుండా సలహా ఇచ్చినవాడిది మాత్రం తప్పే.

పానా_పట్టు
రోగం దొరికింది. చైన్, క్యాసెట్, గేరు కేబుళ్లు, హ్యాంగర్. నాలుగూ ఇంట్లో అయ్యేవే, హ్యాంగర్ ఒక్కటి తప్ప. దాన్ని గేజ్ పెట్టి చూసే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. చేత్తో వంచితే విరుగుతుంది. ఆ గేజ్ ఇంట్లో కొనిపెట్టుకోవడం దండగ.

ఇక 105 గురించి, ఓరుగల్లు అడిగాడు కాబట్టి చెప్తున్నా. 11 స్పీడ్ రోడ్ క్యాసెట్ కోసం ఫ్రీహబ్ బాడీ (చక్రం మధ్యలో క్యాసెట్ ఎక్కించే భాగం) 1.85 ఎంఎం ఎక్కువ పొడుగు ఉంటుంది. చందానగర్ గారి చక్రానిది పాత 8/9/10 రకమైతే మామూలు 11 స్పీడ్ క్యాసెట్ దాని మీద కూర్చోదు. ఎలా తెలుసుకోవాలంటే, ఇప్పటి క్యాసెట్ తీసి దాని వెనక పల్చటి రింగు లాంటి స్పేసర్ ఉందేమో చూడాలి. 1.85 ఎంఎం స్పేసర్ ఉంటే బాడీ 11 స్పీడుదే. లేకపోతే పాతది.

ఫ్రిస్కో_తెలుగోడు
పాతదైనా దారి ఉంది. షిమానో హెచ్‌జీ800, హెచ్‌జీ700 అనే 11-34 పదకొండు స్పీడ్ క్యాసెట్లు పాత బాడీ మీద కూడా సరిపోతాయి. పెద్ద పళ్లెం స్పోకుల పైకి వంగి ఉంటుంది కాబట్టి చోటు దొరుకుతుంది. 11 స్పీడ్ బాడీ అయితేనే 1.85 స్పేసర్ వేయాలి. ఇక్కడ టెక్సస్‌లో మా ఫ్రెండ్ పాత చక్రాలకి ఇలాగే వేశాం, బ్రహ్మాండంగా నడుస్తోంది.

ఓరుగల్లు_వీల్స్
ఫ్రిస్కో అన్నా, నీ మాట బంగారం. చూశారా, కుదురుతుంది!

పానా_పట్టు
కుదరదని నేననలేదు. ఆ అమ్మేవాళ్ల దగ్గరున్న డిరెయిలర్ కూడా జీఎస్ కావాలి, ఆర్7000 ఎస్ఎస్ 30 దాకానే పడుతుంది. అదీ చూసుకోవాలి. ముందు డిరెయిలర్ ఇంకో పని పెడుతుంది. ఆర్7000ది కేబుల్ టెన్షన్ సర్దే ఏర్పాటు దానిలోపలే ఉంటుంది, 2 ఎంఎం కీతో తిప్పాలి. ఓపికగా మాన్యువల్ చదవకపోతే పూట గడిచిపోతుంది. ఇది మొదటిసారి పానా పట్టేవాళ్లకి అప్పగించే పని కాదని నా అభిప్రాయం.

నిజాంపేట్_సుధ
అందరూ గేర్ల మీదే పడ్డారు. చందానగర్ గారూ, మీ టైర్లు ఏవి? ఇంటి దగ్గర చేసుకునే మార్పుల్లో టైర్లంత తేడా చూపించేది నాకు ఇంకోటి కనపడలేదు. బండితో వచ్చిన గట్టి వైరు బీడు టైర్లు (అంచులో ఇనుప తీగ ఉండేవి) తీసి మంచి ఫోల్డింగ్ (మడిచే రకం) టైర్లు 28 ఎంఎం వేయండి, గాలి 100 పీఎస్ఐ కాకుండా 70-75 చుట్టూ ఉంచండి. మన రోడ్ల మీద చేతులు తిమ్మిరెక్కడం తగ్గుతుంది, వంపుల్లో పట్టు పెరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది ఆ తేడా.

ఇంకో మాట. నా చేతులు చిన్నవి. ఏళ్ల తరబడి బ్రేకు లివర్ అందక భుజాలు నొప్పి పెట్టేవి. క్లారిస్‌తో సహా చాలా లివర్లకు లోపల రీచ్ (హ్యాండిల్ నుంచి లివర్ దూరం) సర్దే చిన్న స్క్రూ ఉంటుందని తెలిశాక ఆలెన్ కీతో దగ్గరికి తెచ్చుకున్నాను. పైసా ఖర్చు లేదు. ఆడవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఈరోజే చూసుకోండి.

చందానగర్_సైక్లిస్ట్
25 ఎంఎం, బండితో వచ్చినవే సుధ గారూ. 28 నా బ్రేకుల్లో పడతాయా?

నిజాంపేట్_సుధ
ఇప్పటి టైరుకి, బ్రేకు చేతుల లోపలి అంచుకి మధ్య పైన, పక్కలా ఎంత ఖాళీ ఉందో చూడండి. వెనక చైన్‌స్టేల (చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము గొట్టాలు) దగ్గర కూడా. చుట్టూ కనీసం 4 ఎంఎం మిగలాలి. వెడల్పు రిమ్ మీద 28 టైరు 29, 30 దాకా ఉబ్బుతుంది, అది కలుపుకుని చూడండి. రిమ్ బ్రేకు బండి అయితే గాలి నింపాక చక్రం బ్రేకు ప్యాడ్ల మధ్య దూరదు, క్యాలిపర్ మీది చిన్న మీట ఎత్తి పెట్టి పంపండి. బిగించాక మీట దించడం మరవద్దు!

కొత్త_పెడల్
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. ఆన్‌లైన్‌లో పెద్ద బ్రాండ్ పేరుతో కార్బన్ హ్యాండిల్ బార్ అల్యూమినియం కంటే తక్కువ ధరకి దొరుకుతోంది. బరువు తగ్గుతుంది కదా, వేసుకోవచ్చా?

బ్రెవే_బాబాయ్
వద్దు నాయనా.

షాపు_వారబ్బాయి
వద్దే వద్దు. అల్యూమినియం పోయేముందు చాలాసార్లు వంగి చూపిస్తుంది. కార్బన్ ఒక్కసారిగా తెగుతుంది. ఘాట్ దిగుతూ చేతిలో హ్యాండిల్ ముక్క మిగిలితే ఏం చేస్తావు? పేరున్నదైతే నమ్మకమైన డీలర్ దగ్గర బిల్లుతో కొను, లేదంటే అల్యూమినియంతోనే ఉండు. వంద గ్రాముల కోసం పళ్లు రాలగొట్టుకోవద్దు తమ్ముడూ.

పానా_పట్టు
హ్యాండిల్, స్టెమ్, ఫోర్క్, బ్రేకులు. ఈ నాలుగింటిలో చవకకి పోవద్దు. మిగతావాటిలో మీ ఇష్టం.

చందానగర్_సైక్లిస్ట్
సరే, 105 ప్రస్తుతానికి పక్కన పెట్టాను. (ఓరుగల్లు బ్రో, కోప్పడకు.) 11-34 హెచ్‌జీ31, 8 స్పీడ్ చైన్, గేరు కేబుళ్లు, 28 టైర్లు తెప్పిస్తున్నా. ఏయే పనిముట్లు కావాలి? టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) కొనాలా?

పానా_పట్టు
క్యాసెట్ విప్పడానికి చైన్ విప్ (పళ్లు తిరగకుండా పట్టేది), లాక్‌రింగ్ (క్యాసెట్‌ని బిగించి ఉంచే రింగు) టూల్, దాన్ని తిప్పడానికి పెద్ద పానా. చైన్ తెంచే బ్రేకర్. మంచి కేబుల్ కట్టర్. కటింగ్ ప్లయర్‌తో కోస్తే ఇన్నర్ పురి విడిపోతుంది, ఔటర్ చివర నలిగిపోతుంది. తర్వాత గేర్లు ఎంత సర్దినా లాభం ఉండదు. నా లెక్కలో మొదట డబ్బు పెట్టాల్సింది ఆ కట్టర్ మీద.

టార్క్ రెంచ్ కొనండి. స్టెమ్ బోల్టులు సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు, భాగం మీద ఏది అచ్చు వేసి ఉంటే అదే చివరి మాట. హాలోటెక్ క్రాంక్ (పెడల్ బిగించే చేయి) ఎడమవైపు పించ్ బోల్టులు 12 నుంచి 14. క్యాసెట్ లాక్‌రింగ్ మాత్రం 30 నుంచి 50, దానికి చిన్న రెంచ్ చాలదు.

షాపు_వారబ్బాయి
మా నాన్న చేతిలో ఎప్పుడూ టార్క్ రెంచ్ చూడలేదు. ఆయన బిగించిన బోల్టు ఊడింది లేదు, మర తిరిగింది లేదు. అల్యూమినియం బండికి చేతి అందాజు చాలు.

పానా_పట్టు
మీ నాన్నగారి చేయి వేల సైకిళ్ల మీద నేర్చుకుంది. చందానగర్ గారి చేయి ఇంకా మొదలుపెట్టలేదు. నేర్చుకునేదాకా అంకె చెప్పే పనిముట్టు ఉండాలి.

షాపు_వారబ్బాయి
అది ఒప్పుకుంటా. ఒకటి కలుపుతున్నా, డిరెయిలర్ మీది హెచ్, ఎల్ స్క్రూలు (చైన్ చివరి పళ్లెం దాటిపోకుండా ఆపేవి) జపాన్ కొలత జేఐఎస్ రకం. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ జారి తల చెడగొడుతుంది. చిన్న జేఐఎస్ డ్రైవర్ ఒకటి పెట్టుకో అన్నా.

భీమిలి_గాలి
కేబుళ్లు కొనేటప్పుడు ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటి. గేరు ఔటర్, బ్రేకు ఔటర్ ఒకటి కావు. గేరుది 4 ఎంఎం, లోపల తీగలు నిలువుగా ఉంటాయి. బ్రేకుది 5 ఎంఎం, తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. గేరు ఔటర్‌ని బ్రేకుకి వాడితే గట్టిగా పట్టినప్పుడు పగిలిపోతుంది. మా కైలాసగిరి దిగువలో ఒక కుర్రాడి బండికి ఎవరో అలాగే వేసి పంపారు, నేను చూసి అక్కడికక్కడే ఆపించాను. ఇన్నర్ కూడా గేరుది 1.2, బ్రేకుది 1.6 ఎంఎం.

బ్రెవే_బాబాయ్
భీమిలి, ఆ పోస్టు పైన అతికించాలి. కొత్తవాళ్లందరూ చదవాలి.

నిజాంపేట్_సుధ
చైన్ కడగడానికి బాల్కనీలో పెట్రోలు వాడొద్దు ప్లీజ్. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు డబ్బాలో పెట్రోలు పోసి చైన్ నానబెట్టారు, పక్కనే గీజరు. డీగ్రీజర్ కానీ కిరసనాయిలు కానీ చాలు.

చందానగర్_సైక్లిస్ట్
చైన్ పొడుగు ఎంత ఉంచాలి? పాతదాని పక్కన పెట్టి అంతే కోసేయాలా?

పానా_పట్టు
అలా చేస్తే పొట్టిదవుతుంది! పాత చైన్ 28 పళ్లకి కోసింది, మీరు 34 వేస్తున్నారు. పైగా అది సాగిపోయి ఉంది. కొత్త చైన్‌ని డిరెయిలర్‌లోంచి దూర్చకుండా ముందు పెద్ద పళ్లెం, వెనక పెద్ద పళ్లెం మీదుగా చుట్టండి. రెండు కొసలు కలిసే చోటుకి ఇంకో రెండు లింకులు, అంటే ఒక అంగుళం కలిపి కోయండి. పొట్టి చైన్‌తో పొరపాటున పెద్ద-పెద్ద గేరు పడితే డిరెయిలర్ చిరిగి స్పోకుల్లోకి పోతుంది.

కేబుల్ బిగించే ముందు షిఫ్టర్ అన్నిటికంటే చిన్న పళ్లెం దగ్గరికి తెచ్చి, బ్యారెల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు సర్దే మర) లోపలికి పూర్తిగా తిప్పి ఒక చుట్టు వెనక్కి విప్పి ఉంచండి. అప్పుడే తర్వాత సర్దుకోవడానికి వీలుంటుంది.

ఫ్రిస్కో_తెలుగోడు
డిసెంబర్‌లో వస్తున్నా, సూట్‌కేసులో కాస్త చోటుంది. ఎవరికైనా చిన్న పార్టులు కావాలంటే చెప్పండి. సీఓ2 కాట్రిడ్జులు మాత్రం అడక్కండి, విమానంలో ఒప్పుకోరు.

కొత్త_పెడల్
అన్నా, గోంగూర పచ్చడి ఇటు నుంచి, క్యాసెట్లు అటు నుంచి. న్యాయమైన బేరం.

ఓరుగల్లు_వీల్స్
ఫ్రిస్కో అన్నా, నాకు 105లోనే 12 స్పీడ్ మెకానికల్ ఆర్7100 మీద మనసుంది. దాని క్యాసెట్ నా 11 స్పీడ్ చక్రం మీద కూర్చుంటుందా?

ఫ్రిస్కో_తెలుగోడు
కూర్చుంటుంది. 105 12 స్పీడ్ క్యాసెట్ 11 స్పీడ్ హెచ్‌జీ బాడీ మీద సరిపోతుంది. ఆగు, ఆర్7100 డిస్క్ బ్రేకు షిఫ్టర్లతోనే వచ్చింది. నీది రిమ్ బ్రేకు కదా?

ఓరుగల్లు_వీల్స్
అవును. అంటే ఫ్రేము కూడా మార్చాలా?

బ్రెవే_బాబాయ్
ఆర్7000ని అమ్మేయకు ఓరుగల్లూ. రిమ్ బ్రేకు బండికి అంత మంచి సెట్ మళ్లీ దొరకడం కష్టం.

చందానగర్_సైక్లిస్ట్
అప్‌డేట్. హ్యాంగర్‌ని మియాపూర్ వైపు ఒక మెకానిక్ గేజ్ పెట్టి సరిచేశారు. నిజంగానే వంగి ఉంది, ఆయన నన్ను పక్కన నిలబెట్టి చూపించారు. క్యాసెట్, చైన్, కేబుళ్లు, టైర్లు అన్నీ ఇంట్లోనే వేశాను. పాత క్యాసెట్ వెనక 1.85 స్పేసర్ ఉంది, అంటే నాది 11 స్పీడ్ బాడీ అన్నమాట! 8 స్పీడ్ క్యాసెట్ కాబట్టి ఆ స్పేసర్ మళ్లీ అలాగే పెట్టేశాను. షిఫ్టర్ లోపల పాత కేబుల్ తలకాయ దగ్గర రెండు తీగలు అప్పటికే తెగి ఉన్నాయి. ఇంకొన్నాళ్లయితే లోపలే ఇరుక్కునేదట.

నిన్న అనంతగిరి వెళ్లాను. లేచి తొక్కినా జారలేదు. ఆగకుండా పైకి వెళ్లాను, మాట్లాడుకుంటూ ఎక్కిన వాళ్లతో పాటే.

ఒక్క సమస్య మిగిలింది. పైనుంచి మూడో పళ్లెం మీద టిక్ టిక్ శబ్దం. ఇంకోటి, 34 మీద పడ్డాక పైన చిన్న చక్రం క్యాసెట్‌కి తగులుతున్నట్టుంది.

పానా_పట్టు
శెభాష్! రెండోది బీ-స్క్రూ. హ్యాంగర్ వెనక ఉండే స్క్రూ, లోపలికి బిగిస్తే డిరెయిలర్ వెనక్కి జరుగుతుంది. 34 మీద ఉంచి పై చక్రం పళ్లకి తగలకుండా 5, 6 ఎంఎం ఖాళీ వచ్చేదాకా బిగించండి. ముందు ఇది చేయండి, తర్వాతే శబ్దం సంగతి.

శబ్దం వచ్చే పళ్లెం మీద చైన్ ఉంచి వెనక నుంచి చూడండి. పెద్ద పళ్లెం వైపు రాసుకుంటుంటే బ్యారెల్‌ని లోపలికి, చిన్నదాని వైపు అయితే బయటికి, పావు చుట్టు చొప్పున తిప్పండి. కొత్త కేబుల్ మొదటి కొన్ని రైడ్‌లలో ఔటర్లలో సర్దుకుని కొంచెం వదులవుతుంది. అందుకే చాలావరకు బయటికి తిప్పాల్సి వస్తుంది.

చందానగర్_సైక్లిస్ట్
బీ-స్క్రూ రెండు చుట్లు, బ్యారెల్ అర చుట్టు. శబ్దం పోయింది! ఇక బ్రేకు ప్యాడ్లు మారుస్తా. దిగేటప్పుడు వేలు నొప్పెట్టేలా పట్టాల్సి వస్తోంది.

భీమిలి_గాలి
ప్యాడ్‌తో పాటు హోల్డర్ ఉన్న కాట్రిడ్జ్ రకం తీసుకో. తర్వాత అరిగినప్పుడు రబ్బరు ఒక్కటీ మార్చుకోవచ్చు. పాత ప్యాడ్లలో అల్యూమినియం రవ్వలు ఇరుక్కుని ఉంటాయి, అవి రిమ్‌ని కోస్తాయి. రిమ్ పక్కన చిన్న చుక్కో గాడో ఉంటుంది, అది అరిగి మాయమైతే చక్రం మార్చాలి.

కొత్త_పెడల్
నాది 7 స్పీడ్ పాత బండి. నేను కూడా 34 పళ్లది వేసుకోవచ్చా? చైన్ విప్, లాక్‌రింగ్ టూల్ కొనేయనా?

షాపు_వారబ్బాయి
ఆగు తమ్ముడూ, నీది క్యాసెట్ కాకపోవచ్చు. చాలా 7 స్పీడ్ బండ్లకి స్క్రూలా బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. చక్రం విప్పి చేతిలో పట్టుకుని పళ్లను వెనక్కి తిప్పు. మధ్యలో టూల్ పెట్టే గాళ్లు పళ్లతో పాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. ఫ్రీవీల్ అయితే చైన్ విప్ అక్కర్లేదు, దాని గాళ్లకి సరిపడే రిమూవర్ ఒకటి, పొడుగు పానా ఒకటి చాలు. 14-34 ఏడు స్పీడ్ ఫ్రీవీల్ దొరుకుతుంది. ముందు నీ డిరెయిలర్ కేజ్ పొడుగు ఎంతుందో ఫొటో పెట్టు, దాన్ని బట్టి చెప్తా.